గుడ్డు పెట్టి అరవని పెట్టలు

ఒక పెరట్లో పెట్టలు గుడ్డు పెట్టాక అరవడం మానేశాయి. కాపలా కుక్క ఎప్పుడో పగిలిన గుడ్డొకటి నాకింది. అప్పట్నించీ గుడ్లెక్కడున్నాయో దానికి తెలియకూడదని వాటి కట్టుబాటు.

కుక్కకి తెలియలేదు. ముంగిసకి తెలిసింది. గుడ్లు పోయినప్పుడల్లా, "ఈ కుక్క ఉండి ఏం లాభం?" అని పెట్టలు తిట్టుకునేవి.

మూడోసారి కూడా గుడ్లన్నీ పోయాక చుక్కలపెట్ట నేరుగా కుక్క దగ్గరికే వెళ్లింది.

"నువ్వు గుడ్డు నాకావా, లేదా?"

"నాకాను. తప్పే," అంది కుక్క. "కానీ ఎక్కడ కాపలా కాయాలో ఎవరూ చెప్పకపోతే, గేటు దగ్గర కూర్చోక ఏం చెయ్యను?"

మర్నాడు చుక్కలపెట్ట గడ్డివాము వెనక గుడ్డు పెట్టి, పెరడంతా వినపడేలా అరిచింది. మిగతావి దాన్ని తిట్టిపోశాయి. కుక్క వచ్చి గుడ్డుకి రెండడుగుల దూరంలో పడుకుంది. సాయంత్రానికి కూడా గుడ్డు అక్కడే ఉంది.

వారం తిరిగేసరికి పెట్టలన్నీ గుడ్డు పెట్టినా అరుస్తున్నాయి, ముంగిస కనపడినా అరుస్తున్నాయి. అరుపు ఎటు వినిపిస్తే కుక్క అటు పరిగెత్తుతోంది.

కంచె దాటి వెళ్లిపోతున్న ముంగిసని ఉడత అడిగింది. "కుక్కకి భయపడ్డావా?"

"కుక్క ముందునుంచీ ఉందిగా," అంది ముంగిస. "ఇప్పుడు పెట్టలు దానితో మాట్లాడుతున్నాయి."