ఎర్ర గుడ్డముక్కలు

పాడుబడ్డ గుడి బయట బ్యాగు దించి తోక గుప్పిట తెరిచాడు. లోపల దారి తప్పకుండా ముందు నడిచేవాడు స్తంభాలకు ఎర్ర గుడ్డముక్కలు కడతాడు. తిరిగొచ్చేటప్పుడు ఆఖరివాడు వాటిని విప్పుకుంటూ వస్తాడు. ఆ ఆఖరివాడు ఎప్పుడూ ఇతనే కాబట్టి స్నేహితులు 'తోక' అని పేరు పెట్టారు.

"చూడండ్రా, ఒక్క ముక్క కూడా వదల్లేదు. అవునూ, మా బావేడి?"

నీళ్లు తాగుతున్న స్నేహితుడు సీసా దించాడు. "కెమెరా మూత పడిపోయిందని పక్క మండపంలోంచి వెనక్కెళ్లాడుగా. గుడ్డముక్కలు చూసుకుంటూ వచ్చేస్తానన్నాడు. నీకు చెప్పలేదా?"

తోక గుప్పిట మూసి గుడి వైపు తిరిగాడు. అక్క పంపనంటే, తాను చూసుకుంటానని బతిమాలి మరీ తీసుకొచ్చాడు బావని.

అందరూ లోపలికి పరుగెత్తారు. వెలుగు తగ్గిపోతోంది. కూలిన మండపాలన్నీ ఒకేలా ఉన్నాయి.

"బావా! ఉన్నచోటే ఉండు! నేనొస్తున్నా!"

చాలాసేపటికి గోడల అవతల నుంచి జవాబొచ్చింది. ఆ గొంతులో ఎంత హుషారో!

"అక్కర్లేదురా బామ్మర్దీ! ఎర్రగుడ్డ కనపడింది, వచ్చేస్తున్నా!"

తోక తన గుప్పిట వైపు చూసుకున్నాడు.

గుడి మొత్తంలో ఇంకొక్క ఎర్రగుడ్డే ఉంది. అంచులు విరిగిపడుతున్న దిగుడుబావి దగ్గర కర్రకు కట్టానని, అటు మాత్రం పోవద్దని పొద్దున కాపలావాడు చెప్పాడు. అప్పుడు బావ ఇంకా బస్సు దగ్గర బూట్లు వేసుకుంటున్నాడు.

"బావా, కదలకు!" అని గొంతు చించుకున్నాడు తోక.

రాళ్లు దొర్లిన చప్పుడు మాత్రం వినిపించింది.