తెంపిన మొలతాడు

బతికున్నన్నాళ్లూ బాపు దేవరకొండలోని ఆముదాల గోదాము తాళంచెవులు కొడుకు పురుషోత్తం చేతికి ఇవ్వలేదు. మొలతాడుకే కట్టుకునేవాడు. చివరికి పాడె మీద పెట్టేముందు ఆ మొలతాడు తెంపి తీసుకోవలసి వచ్చింది.

పెద్దకర్మ అయిన రాత్రి పురుషోత్తం ఆ గుత్తిని నడుముకు దోపుకుని, కందిలి పట్టుకుని, మొదటిసారి యజమానిగా లోపలికి వెళ్లాడు. బస్తాల మధ్యకు చేరేసరికి వెనక తలుపు మూసుకుంది. బయట తాళం పడింది. తాళంచెవులు గలగలమంటూ మెల్లగా దూరమయ్యాయి. నడుము తడుముకున్నాడు. గుత్తి లేదు.

"గాలయ్యా, తలుపు తియ్యి."

బాపు చితికి కట్టెలు మోసిన కావలివాడు గాలయ్య, బయటినుంచి మామూలు గొంతుతోనే చెప్పాడు.

"పెద్ద సేటు ఇప్పుడే తాళమేసి ఇంటికి పోయిండు. కొడుకు పిలిచినా తియ్యొద్దన్నడు."