ఏకాదశి నాడు రైఫిల్

రైఫిల్ ఉంది. బోల్టు లేదు.

శశాంక్ స్లీపింగ్ బ్యాగును తిరగేసి దులిపాడు. జాకెట్ జేబులు నాలుగూ లాగి చూశాడు. టెంటులో కింద పరిచిన పట్టా ఎత్తాడు. తడిగడ్డి తప్ప ఏమీ లేదు.

బయట అప్పుడే తెలతెలవారుతోంది. స్కాట్లండ్ కొండల మీద అక్టోబరు పొగమంచు. ఫోనుకు సిగ్నల్ లేదు. మనిషి మొహం కనబడాలంటే ఆరు మైళ్లు వెళ్లాలి. దొంగ వచ్చి ఎత్తుకుపోయే ఆస్కారమే లేదు.

బోల్టంటే రైఫిల్ వెనక భాగంలో జొనిపే ఇనప కడ్డీ. జానెడుంటుందేమో. అది లేకపోతే ఎంత ఖరీదైన రైఫిలైనా చేతికర్రతో సమానం. అందుకే కొండల్లో రాత్రి గడపాల్సి వస్తే దాన్ని ఊడదీసి విడిగా దాస్తారు. రైఫిల్ ఒకచోట, బోల్టు ఒకచోట, తూటాల పెట్టె మరొకచోట. మూడేళ్లుగా శశాంక్ ఈ పద్ధతి తప్పలేదు. నిన్న కూడా బోల్టును సాక్సులో చుట్టి తల కింద పెట్టుకునే పడుకున్నాడు. ఇప్పుడు సాక్సు మాత్రం ఉంది.

బోల్టు పోతే పోలీసులకు చెప్పుకోవాలి. లైసెన్సు రద్దు కావచ్చు. అవేవీ అతనికి తట్టలేదు. ఎండ రాకముందే కొండెక్కాలి. అదొక్కటే పట్టుకుంది.

టెంటు జిప్పు లాగి బయటికొచ్చాడు. తల్లి ఆండాళమ్మ స్వెటరు మీద రెండు శాలువాలు కప్పుకుని గ్యాస్ స్టవ్ ముందు కూర్చుంది. స్టవ్ వెలిగించలేదు.

"అమ్మా, నా తల కింద ఇనప ముక్క ఉండాలి. చూశావా?"

"చూశాను."

"ఏదీ?"

"వాగులో పడేశాను."

ఆండాళమ్మ విజయవాడ నుంచి ఇంగ్లండులో కొడుకు ఉంటున్న లీడ్స్‌కు వచ్చి మూడు నెలలైంది. కోడలు కిరణ్మయి పాపను తీసుకుని వెళ్లిపోయిందని తెలిసి, కొడుక్కి వండిపెట్టడానికి వచ్చింది. ఫ్లాటులో గోడకు బిగించిన ఇనప బీరువా చూసి, నగలేవో దాచాడని మురిసిపోయింది. అందులో ఉన్నది తుపాకీ అనీ, వీడు ఏటా కొండలకు వెళ్లి జింకల్ని కొడతాడనీ తెలిసిన రోజు రెండు పూటలా అన్నం ముట్టలేదు. ఉల్లిపాయ కూడా గుమ్మం దాటి రాని వైష్ణవుల ఇల్లు మరి.

అలాంటి మనిషి, నిన్న శశాంక్ వేటకు బయలుదేరుతుంటే వచ్చి కారు ముందు సీట్లో కూర్చుంది. ఇంట్లో ఒంటరిగా ఉండలేనంది. దింపడం అతని తరం కాలేదు. ఏడాదిగా ముభావంగా ఉన్నవాడు ఆ వారమే కాస్త తేరుకుని నవ్వుతున్నాడు. గొడవ పెట్టుకోలేక ఈ కొండలకు దగ్గరి ఊరు ఇన్వర్‌నెస్‌లో ఉన్న నాన్న స్నేహితుడు సదాశివం అంకుల్‌కు ఫోన్ చేశాడు. దారిలో వాళ్లింటి దగ్గర దింపుతానంటే దిగనే లేదు. సరే, పొద్దున తొమ్మిదికి ఆయనే వచ్చి ఆమెను తీసుకెళ్లేలా మాట్లాడాడు. రోజంతా కొండల్లో తిరిగేవాడి వెంట అమ్మ ఎందుకు?

"వాగులోనా? పిచ్చా నీకు?" అని అరిచాడు శశాంక్.

"ఇవాళ ఏకాదశిరా. ఏకాదశి పూట నోరులేని జీవాన్ని చంపుతావా?"

"ఎక్కడ వేశావు? చెప్పమ్మా!"

ఆమె స్టవ్ వైపు తిరిగింది. అతను బూట్లతోనే వాగులోకి దిగాడు. టీ డికాషన్ రంగు నీళ్లు. మోకాళ్ల దాకా వచ్చాయి. వంగి రాళ్ల మధ్య చేతులు పెట్టి తడిమాడు. ఒక్కో రాయీ ఎత్తి పక్కకు విసిరాడు. వేళ్లు ఎర్రబడి, తర్వాత తెల్లబడ్డాయి. గోళ్లు చిట్లాయి. అయినా ఆపలేదు.

"బయటికి రారా శశీ! గడ్డకట్టుకుపోతావు!"

"ఒక్క రోజమ్మా! ఈ ఒక్క రోజు నన్ను నా మానాన వదిలెయ్యలేవా?"

"వదలను."

"జింక సంగతి కాదమ్మా ఇది..." అనబోయి ఆగిపోయాడు. మళ్లీ వంగి వెతకసాగాడు.

పావుగంట, అరగంట. ఎండ కొండ అంచు దాకా వచ్చింది. శశాంక్ నీళ్లలోనే ఒక బండ మీద కూలబడ్డాడు. ముప్పై ఆరేళ్ల మనిషి, మొహం చేతుల్లో దాచుకుని, వెక్కి వెక్కి ఏడ్చాడు.

ఆండాళమ్మ చీర కుచ్చెళ్లు ఎగదోపి వాగులోకి దిగింది. మోకాళ్ల నొప్పులతో మెట్లు కూడా ఎక్కలేని మనిషి. రాళ్ల మీద జారుతూ, తూలుతూ అతని దగ్గరికి వచ్చి చెయ్యి పట్టుకుంది. చలికి ఆమె పళ్లు టకటకా కొట్టుకుంటున్నాయి.

"ఎందుకు చేశావమ్మా ఇలా?"

"ఏకాదశి కదా నాన్నా" అంది మళ్లీ.

రాత్రి కొడుకు తలను చంటిపిల్లాడి తలలా మెల్లగా ఎత్తి బోల్టు తీసిన చెయ్యి అది. ఇప్పుడు అతని మణికట్టును ఎంత గట్టిగా పట్టుకుందంటే, అతను లేచి విదిలించుకున్నా ఊడిరాలేదు. అలాగే ఒడ్డుకు లాక్కొచ్చింది. కార్లో కూర్చోబెట్టి, తన శాలువాలు రెండూ అతనికి కప్పింది. అప్పుడు కూడా చెయ్యి వదల్లేదు. సదాశివం కారు ఎప్పుడు వస్తుందా అని మట్టిరోడ్డు వైపే చూస్తూ కూర్చుంది.

నిన్న సాయంత్రం శశాంక్ నీళ్లు తేవడానికి వెళ్లినప్పుడు ఆమె తెరిచి చూసిన పెట్టెలో, రోజంతా జింకల వేట అని చెప్పి బయలుదేరిన కొడుకు తెచ్చుకున్నది ఒకే ఒక్క తూటా.