వెంపలి కాని మొక్క

కొండను చదును చేసే యంత్రం, పేరు తెలిసిన మొక్కల్నే పీకుతుంది. తెలియకపోతే ఆగి, దగ్గరున్న మనిషిని అడగాలి. చట్టం చూపిన దయ అంతే. పైడమ్మ మేకలకు మిగిలిన ఆఖరి మేతనేల చెక్క ముందు అది ఆగింది.

“ఇది వెంపలేనా?” అని అడిగింది.

అదే ఊదాపువ్వు, అదే సన్నకాయ. పైడమ్మ ఆకు కొస పట్టి లాగింది. వెంపలాకైతే బాణం మొనలా తెగాలి. ఇది అడ్డంగా చిరిగింది.

“వెంపలి కాదు.”

“మరేటొదినా? మనమే ఓ పేరెట్టీమా?” అంది ఆడపడుచు గౌరి.

“మెల్లగా అనే, ఇంటాది. పేరెట్టేమంటే పీకేస్తాది.”

యంత్రం జవాబు కోసం చూస్తోంది. చూడనీ. పైడమ్మ ఇంకో కొమ్మ వంచి, ఈ కొత్తదాని కడుపులో ఏముందోనని కాయ విప్పింది.