సంజీవయ్య సాక్ష్యం

సంజీవయ్య మీసం పెంచడానికి రూబెన్‌కు నెల పట్టింది. మిగతాదంతా ఒక్క పూటలో నేర్చేసుకున్నాడు.

ప్రార్థన గ్రూపులో వచ్చిన వాట్సాప్ మెసేజ్‌తో ఈ ఆలోచన పుట్టింది. 'ఆళ్ళగడ్డ సంజీవయ్య పన్నెండేళ్ళ కిందట కువైట్ పోయి మళ్ళీ రాలేదు, కనబడితే చెప్పండి' అంటూ చెల్లెలు జీవమ్మ పాత ఫోటో పెట్టింది. పోలీసులకూ ఫిర్యాదు ఇచ్చిందట. పెళ్ళీ పెటాకులూ లేని సంజీవయ్యకు సొంత ఇల్లుంది. చిన్న తమ్ముడు శాంసన్ అందులో ఉంటున్నాడు.

రూబెనూ కువైట్‌లో తొమ్మిదేళ్ళు డ్రైవరుగా చేసి వచ్చినవాడే. ఉత్త చేతులతో వచ్చి నంద్యాల లాడ్జిలో పడి ఉన్నాడు. ఇల్లుండీ రానివాడి బదులు ఇల్లు లేనివాడు వెళితే దేవుడేమీ అనుకోడని తీర్మానించుకున్నాడు.

శనివారం పొద్దున రెండు పెద్ద సూట్‌కేసులతో ఆళ్ళగడ్డలో బస్సు దిగాడు. వాటి నిండా పాత పేపర్లు. కువైట్ బంగారమనుకుని వీధి వీధంతా అతన్ని గుర్తుపట్టింది.

"ఆ నడక చూస్తానే అనుకున్యా, మన సంజీవయ్యేనని," అంది కిరాణా కొట్టు కమలాక్షమ్మ, సూట్‌కేసుల మీంచి కళ్ళు తీయకుండా. కొత్త బూట్లు కరిచి రూబెన్ కుంటుతున్నాడు.

బనగానపల్లె నుంచి పరుగెత్తుకొచ్చిన జీవమ్మ మాత్రం గుర్తుపట్టలేదు.

"మా అన్నకు ఎడమ చెవి తమ్మె తెగి ఉంటాది. ఈయనకు రెండూ బాగుండాయే," అంది.

రూబెన్ చటుక్కున ఎడమ చెవి మీద చెయ్యి వేసుకున్నాడు.

"ఆడ కిడ్నీలే మారుస్తాండారు లేక్కా, చెవి తమ్మె ఒక లెక్కా?" అంటూ శాంసన్ వచ్చి రూబెన్‌ను గట్టిగా కౌగిలించుకున్నాడు. "యాడికి పోయినావన్నా ఇన్నేండ్లు?"

బంగారం మనిషిని ఎంత గుడ్డివాణ్ణి చేస్తుందో అనుకుని రూబెన్ లోలోపల నవ్వుకున్నాడు.

మర్నాడు ఆరాధన అయ్యాక శాంసన్ ఇంటి ముందు షామియానా వేయించి కృతజ్ఞత కూడిక పెట్టాడు. దూరదేశం నుంచి క్షేమంగా వచ్చినవాళ్ళు సాక్ష్యం చెప్పాలి కదా. దాన్ని తీయడానికి వీడియో అబ్బాయిని మాట్లాడాడు. ఎస్సైని పిలిచి ముందు వరసలో కూర్చోబెట్టాడు.

"విమానం ఎక్కిన కాడ్నించి చెప్పన్నా. ఏ ఊర్లో ఎక్కినావు, ఏ నెలలో ఎక్కినావు, ఒగటీ ఇడిసిపెట్టొద్దు," అన్నాడు.

రూబెన్ తన ప్రయాణాన్నే మూడేళ్ళు వెనక్కి జరిపి చెప్పాడు. చెన్నైలో ఎక్కడం, కిటికీ పక్క సీటు, వాంతులు, ఎడారి, ఒంటెలు. ఒంటెలు అడక్కుండానే వచ్చాయి. మాట మాటకీ శాంసన్ పాస్టర్ కంటే గట్టిగా ఆమేన్ అన్నాడు. జీవమ్మ చెంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. మనిషి దొరికాడని ఎస్సై రాసిన కాగితం మీద చివరికి సంతకం పెట్టింది. అది చూడలేక రూబెన్ తల తిప్పుకున్నాడు.

బిరియానీలు అయ్యాయి. జనం వెళ్ళిపోయారు. శాంసన్ ఇంటి తాళంచెవులు తెచ్చి రూబెన్ చేతిలో పెట్టాడు. ఇంత అమాయకుణ్ణి మోసం చేశానే అని రూబెన్‌కు నిజంగానే సిగ్గేసింది. సోమవారమే ఇల్లు బేరం పెడదామనుకున్నవాడు దాన్ని ఒక వారం వాయిదా వేసుకున్నాడు.

"ఫైలు మూసేసినారంట," అన్నాడు శాంసన్, పక్కన కూర్చుని కిళ్ళీ నములుతూ. "ఇంగ నువ్వు సచ్చేదాకా ఈడనే ఉండాల. యాడికీ పోగూడదు, ఇల్లు అమ్మగూడదు."

"అదేందప్పా?"

"కొన్నోళ్ళు తవ్వుతారు. మా అన్న విమానం ఎక్కల్యా, పెరట్లోనే ఉండాడు."