వీపుకు తగిలిన చప్పుడు

“నా తమ్ముణ్ణి చంపింది చలి కాదు, మీ పాట!”

చేపల పొలుసులు గీకే పొలుసులక్క ఆ మాట అనేసరికి ప్యాకింగు గదిలో కంజిర ఆగిపోయింది. చేపల గోదాంలో వారం చివర పని ముగిశాక జరిగే ప్రార్థన అది. పాస్టరు, మేస్త్రీ, కొద్దిమంది కూలీలు. పాట ఎత్తేది కాటా పెద్దయ్య. జీవితమంతా చేపలు తూచిన మనిషి. ఎప్పుడూ కోల్డ్ రూము గోడకు వీపు ఆనించే కూర్చుంటాడు.

“అమ్మా, వాక్యం నడుస్తోంది,” అన్నాడు పాస్టరు.

“నడవనీండి అయ్యగారూ. తట్టేవాడికి తలుపు తెరుచుకుంటుందనే కదా ఇవాళ్టి వాక్యం? నా తమ్ముడు తట్టాడు. ఎవరు తీశారు?”

ఎవరూ తియ్యలేదు. నిరుడు ఇలాంటి ప్రార్థన వేళే వాడు కోల్డ్ రూములో చిక్కుకుపోయాడు. తలుపు మూసుకుంటే బయటి గొళ్ళెం దానంతటదే పడుతుంది. లోపలి పిడి విరిగి ఎన్నాళ్ళో అయింది. పాటలు పాడుకుని అందరూ ఇళ్ళకు పోయారు. మర్నాడు సెలవు.

“కంజిర మోతలో ఎవరికీ వినబళ్ళేదమ్మా,” అన్నాడు మేస్త్రీ.

“గోడకు ఆనుకున్న మనిషికి కూడానా?”

పెద్దయ్య తల దించుకున్నాడు. ఆ రోజు వీపుకు ఏదో తగిలిన మాట నిజం. మోటారు అదురనుకున్నాడు.

“కొత్త పిడి వేయించాం కదా! ఇంకా ఎన్నాళ్ళు తవ్వుతావు?” మేస్త్రీ విసుక్కున్నాడు.

“తట్టేది ఎప్పుడూ మీరు, తీసేది ఎప్పుడూ దేవుడు. బాగుంది పంపకం! మరి పక్కవాడు తడితే తీసేదెవరు?”

పొలుసులక్క చెంగు దోపుకుని విసురుగా బయటికి వెళ్ళిపోయింది.

“కడుపుకోత లాంటిదే పాపం. ఆవిడ కోసం ప్రార్థిద్దాం,” అన్నాడు పాస్టరు. “పెద్దయ్యా, పాటందుకో.”

అందుకున్నాడు. రెండో చరణంలో వీపుకు తగిలింది.

ఠప్. ఠప్ ఠప్.

చెవికి కాదు, వెన్నుపూసకు వినపడే చప్పుడు అది. ఆ కుర్రాణ్ణి పూడ్చిపెట్టిన వారం నుంచి ప్రతి ప్రార్థనలోనూ వస్తూనే ఉంది. మొదట్లో పెద్దయ్య పాట మధ్యలో లేచి, ఆవరణ చుట్టి పరుగెత్తి తలుపు తీశాడు. తెల్లటి చలిపొగ, చేపల పెట్టెలు, అంతే. “ఏం పెద్దయ్యా, చేపలు పిలిచాయా?” అని మేస్త్రీ నవ్వితే గోదామంతా నవ్వింది. పాస్టరు మాత్రం నవ్వలేదు. “అది సాతాను ఆడే ఆట. చప్పుడు రాగానే గొంతు పెంచు,” అని చెప్పాడు. అప్పట్నుంచి పెద్దయ్య మళ్ళీ లేవలేదు.

ఇవాళ చప్పుడు మరీ గట్టిగా ఉంది. పిడికిలి దెబ్బల్లా ఉంది.

‘నన్నొదిలెయ్యి నాయనా,’ అనుకున్నాడు. కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. గొంతు పెంచాడు. కంజిర వాయించేవాడు ఊపు అందుకున్నాడు. ఒక పాట అయింది, ఇంకొకటి ఎత్తాడు, అది అవకముందే మరొకటి. గొంతు చీరుకుపోతున్నా ఆపలేదు.

చప్పుడు నెమ్మదించింది. మధ్య మధ్య ఎడం వచ్చింది. ఒక్కసారి ఏదో గోకినట్టయింది. ఆ తర్వాత ఏమీ లేదు.

ఇన్నాళ్ళలో పాట ముగియకముందే అది ఆగడం ఇదే మొదలు. పెద్దయ్య భోరున ఏడ్చేశాడు.

“వెళ్ళిపోయాడయ్యగారూ! నన్ను వదిలేసి వెళ్ళిపోయాడు!”

“స్తోత్రం! తట్టావు, నీకు తలుపు తెరుచుకుంది,” అన్నాడు పాస్టరు, ఆయన భుజం మీద చెయ్యేసి.

“స్తోత్రం,” అన్నారంతా. చెప్పులు తొడుక్కున్నారు. మేస్త్రీ కోల్డ్ రూముకు తాళం వెయ్యడానికి బయల్దేరాడు. గుమ్మంలోనే గేటు వాచ్‌మన్ రొప్పుతూ ఎదురొచ్చాడు.

“పిడి వేశారో లేదో చూస్తానని కోల్డ్ రూములోకెళ్ళిన పొలుసులక్క ఇంకా రాలేదు, ముందు తలుపు తియ్యండి!”