ఆదివారం విమానం

"ఆ నలిగిన చీరతోనే బయల్దేరతావా? వాడు దిగేసరికి ఇలాగేనా కనబడేది?"

అత్తగారి మాటకు కోడలు లేచింది. చీర మార్చుకుని, తల దువ్వుకుని, ఆవిడను టాక్సీ ఎక్కించింది.

భర్త పోయి, కోడలు తన గదికే పరిమితమై ఏడాది కావస్తోంది. కొడుకు లేడన్న సంగతి అత్తగారి మనసులో నిలవడం లేదు. ఆదివారం వచ్చిందంటే చాలు, "పద, అబ్బాయి విమానం వేళైంది" అంటుంది. కాదంటే ఇంకా కుంగిపోతుందని ఆడపడుచు హెచ్చరించింది. అందుకే కోడలు ప్రతిసారీ "లేటట" అని చెప్పి వెనక్కి తీసుకొస్తోంది. అతని కన్నతల్లికి ఆ అబద్ధం చెప్పిన రోజు ఆమెకు రాత్రంతా నిద్ర పట్టదు.

ఒకప్పుడు పశువులు మేసిన బయలే ఆ విమానాశ్రయం. మొదటి విమానం చుట్టూ గొడుగులు పట్టుకుని నిలబడ్డ జనం ఫోటో ఇంకా గోడమీద ఉంది. విజిటర్ టికెట్ కొంటే పై అంతస్తు గ్యాలరీలో కూర్చుని రన్‌వే చూడొచ్చు. చక్రాల కుర్చీ ఊరికే ఇస్తారు. లిఫ్టు దాకా గార్డే తోస్తాడు. ఎక్కడ నోరు జారతాడోనని, కోడలు అతనికి ముందే అసలు సంగతి చెప్పి ఉంచింది.

"టీ, బన్ను తెచ్చుకో. నువ్వు చిక్కిపోతే వాడు నన్నే అంటాడు."

కోడలు తెచ్చుకుని తింది. ఓ విమానం లేచింది. అద్దాలు సన్నగా అదిరాయి. పక్క బెంచీ మీది పాప దానికి టాటా చెబుతుంటే కోడలికి తెలియకుండానే నవ్వొచ్చింది. వెంటనే తన మీద తనకే అసహ్యం వేసింది. పెద్దావిడను మోసం చేస్తూ ఈ నవ్వొకటి.

"వాడి విమానం ఏదీ?"

"లేటట అత్తయ్యా." తల వంచుకునే చెప్పింది.

"పోనీలే, వచ్చే ఆదివారం వద్దాం."

కోడలి కళ్ళు నిండాయి. మొహం కడుక్కొస్తానని వెళ్ళింది.

గార్డు కుర్చీ పక్కకొచ్చి వంగాడు.

"పెద్దమ్మా, ఇవాళ్టితో గ్యాలరీ మూసేస్తున్నారు. భద్రత కోసమట. ఇకమీదట ప్రయాణికుల్ని తప్ప ఎవర్నీ లోపలికి రానివ్వరు."

ఆవిడ కోడలు వెళ్ళిన వైపు ఓసారి చూసి, గొంతు తగ్గించింది.

"వాడు లేడని నాకు తెలీక కాదు నాయనా, ఇక ఏ వంక పెట్టి దాన్ని ఆ గదిలోంచి బయటికి లాక్కురాను?"